మూడో నంబరు కిటికీ

తీసా నది పక్కన చిన్న ఊరు మాది.
మే నెలంతా గడువు.
ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉన్నా తెచ్చి ఇచ్చేయొచ్చు,
ఎక్కడిదని అడగం, ఎందుకని అడగం.
పోలీస్ స్టేషన్లో మూడో నంబరు కిటికీ నాది.
రకం, నంబరు, తుప్పు పట్టిందా లేదా,
అంతే రాసుకుంటాను.

మొదటి వారం
పిండి సంచుల్లో వచ్చాయి,
పసిపిల్లల తోపుడుబండిలో వచ్చాయి.
తాతలు ఏదో యుద్ధం నుంచి తెచ్చినవి,
తండ్రులు మరో యుద్ధం నుంచి తెచ్చి
ఆ తర్వాత ఏనాడూ మాటెత్తనివి.
ఒక గ్రెనేడ్ అయితే
మిరపపచ్చడి సీసాలో వచ్చింది.
తెచ్చినాయన
సీసా మాత్రం తిరిగిచ్చేయమన్నాడు.

వరసలో మంగలి మియోద్రాగ్ గొంతే పెద్దది.
"తోడేలు వచ్చి కోరలు అప్పజెప్పి పోతుందా?
ఇచ్చేదంతా గొర్రెలే!
రేపు ఎవడైనా తలుపు బద్దలు కొడితే
ఈ చట్టం చుట్టచుట్టి వాడి నెత్తిన మొట్టనా?
వీళ్ళొచ్చేది ఎప్పటికి,
దొంగలు పడ్డ ఆర్నెల్లకి."
అందరూ నవ్వారు. లోపల మేమూ నవ్వాం.
ఆయన చేతులు ఖాళీ.
ఊరికే వస్తాడు, రోజూ.

లెక్కల టీచరు యెలిసావెత నవ్వలేదు.
ఆవిడ దగ్గరో కాగితం:
ఫలానా దేశంలో తగ్గాయి, ఫలానా ఏడాది నుంచి.
మియోద్రాగ్ జేబులోనూ ఓ కాగితం:
ఇంకో దేశంలో తగ్గనే లేదు.
కిటికీలోంచి వచ్చిన ఒకే గాలికి
రెండూ రెపరెపలాడాయి.

మధ్యాహ్నం రొట్టె తింటూ
నిరుటి ఫైలు తీశాను.
మా ఊళ్ళో తూటా తగిలింది ముగ్గురికి.
ఒకటి పెళ్ళి సంబరంలో పైకి కాల్చింది,
దిగొచ్చి పెళ్ళికొడుకు మేనమామ భుజంలో కూర్చుంది.
ఒకటి గట్టు తగాదా.
మూడోది, గడియారాలు బాగుచేసే కుర్రాడు
లోపల గడియ పెట్టుకున్న గది.
నేరాల పట్టికకెక్కింది గట్టు తగాదా ఒక్కటే.

నాలుగో వారం, ముసురు పట్టిన రోజు,
రాదోయ్‌కా వచ్చింది.
చిక్కుడుగింజల సంచి కిటికీలోకి తోసింది.
గింజల్లో చెయ్యి పెట్టి వెతికితే
చిన్న పిస్తోలు, పిడి దగ్గర పెచ్చు లేచిపోయి.
"మా ఆయనది" అంది.
ఆయనే రావాలమ్మా అనబోయాను.
"ఈ వారంలో రెండుసార్లు అడిగాడు,
ఎక్కడ పెట్టావని.
ఇవాళా అడుగుతాడు.
మరిచిపోయానంటాను.
ఈ వయసులో మరుపు ఎవరైనా నమ్ముతారు."

కారణం రాసే గడి నా కాగితంలో లేదు.
తుప్పు: లేదు, అని రాశాను.
గింజలన్నీ ఏరి సంచిలో పోసుకుని
వానలోకి వెళ్ళిపోయింది.

గడువు ఆఖరి రోజున ఆయన వచ్చాడు, వూకొసావ్.
గడ్డం గీసుకుని రెండు మూడు రోజులై ఉంటుంది.
"చిన్నది, పిడి దగ్గర పెచ్చు పోయింది,
ఇక్కడికేమైనా వచ్చిందా?"
చెప్పకూడదండీ, రూలు, అన్నాను.
నన్నే చూశాడు చాలాసేపు.
"చిక్కుళ్ళలో కూడా వెతికాను" అన్నాడు.
తిట్టాడా, ఊరట పడ్డాడా,
ఆ గొంతును బట్టి చెప్పలేను.
కాసేపు కూర్చోవచ్చా అని అడిగి
బల్ల మీద
కిటికీ మూసేదాకా కూర్చున్నాడు.
మియోద్రాగే కాఫీ తెచ్చిచ్చాడు,
ఆ పూట ఏమీ వాదించకుండా.

నా సంగతీ చెప్పాలి.
నాన్న వేట తుపాకీ మా బీరువాలోనే ఉంది.
నేను ఇవ్వలేదు.
మాది ఊరి చివరిల్లు, రాత్రుళ్ళు ఒక్కదాన్నే.
తాళంచెవి మాత్రం
ఇప్పుడు వేరే గదిలో పెడుతున్నాను.

శరదృతువులో రిపోర్టు వచ్చింది.
జిల్లాలో నేరాలు: చెప్పుకోదగ్గ మార్పు లేదు.
మియోద్రాగ్ దాన్ని దుకాణం అద్దానికి అంటించాడు.
యెలిసావెత ఏడాదైనా ఆగి చూడమంది.
ఎవరిది తప్పో నాకు తెలీదు.

పొద్దున్నే స్టేషన్ తలుపు తీసేసరికి
వూకొసావ్ ఎదుటి పేవ్‌మెంట్ మీద పోతుంటాడు,
చంకలో వేడి రొట్టె.
ఇల్లు చేరేలోపే
దాని కొస తుంచి తినేస్తాడు.