నెలలు నిండిన రోజు

తెల్లవారి నాలుగింటికి నారిన్ బస్టాండులో
వ్యాను అద్దం మీద మంచు గీకుతున్నాడు కుబాత్.
ముందు సీటు నాది, హీటరు పక్కన.
"పసివాడికెంత?" అని మొదటిసారి అడిగితే
"ఇంకా పుట్టాల్సిన రోజే రాలేదంటివి, టికెట్టేమిటి?" అన్నాడు.
ఆ వేళాకోళానికి కోచ్‌కోర్ దాకా ఏడ్చాను.
ఇది నాలుగో ప్రయాణం.

పోస్టాఫీసులో పార్సిళ్ళు తూచే పని నాది.
చేత్తో పట్టుకుంటే చాలు, గ్రాములు చెప్పేస్తాను.
వీడి దగ్గర మాత్రం తప్పుతాను,
ప్రతిసారీ ఎక్కువే చెబుతాను.
పుట్టినప్పుడు వెయ్యిన్నూట పది.
అంత బరువున్నవి రోజుకు ఇరవై దాటిపోతాయి నా కౌంటరు మీద,
ఒక్కదాన్నీ రెండోసారి చూసి ఎరగను.

వీడు గాజుపెట్టెలో ఉన్నన్నాళ్ళూ
మా అత్త ఉర్కుయా బిష్కెక్ రాలేదు.
గోడకి పన్నెండు కొయ్యమేకులు కొట్టించి
తన మామగారి నక్కతోలు టోపీ తగిలించింది.
పూర్వం తొందరపడి పుట్టిన బిడ్డని టోపీలో పెట్టి
గుడారం చట్రం మీద రోజుకో కొనకి మార్చేవాళ్ళట,
తల్లి కడుపుకి బాకీపడ్డ రోజులు తీరేదాకా.
బిడ్డ లేడు కనక ఖాళీ టోపీనే మార్చింది.
పన్నెండు మేకులు, ఏడు చుట్లు.
ఫోన్లో కేకలేశాను, చాదస్తమని.
వాడు ఇల్లు చేరాక కూడా ఆపలేదు, లెక్క లెక్కే అంది.
రాత్రి ఆ టోపీ దులిపి నా సంచిలో కుక్కింది,
"ఇక మేకులు లేవు" అని మాత్రం చెప్పి.

దోలోన్ కనుమ ఎక్కేటప్పుడు అందరూ నిద్రపోతారు.
నేను వాడి ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చుంటాను.
అడక్కుండానే రేడియో కట్టేస్తాడు కుబాత్.

కంటి విభాగం, పొడుగాటి బెంచీ.
మా తల్లులకి ఒకరి పేరొకరికి తెలీదు,
గ్రాములతో గుర్తుపెట్టుకున్నాం.
తలాస్ నుంచి వచ్చే పదమూడొందలు,
కవలలావిడ, నేను.
"తొమ్మిదొందల ఇరవై" ఇవాళ రాలేదు.
ఎవరం అడగలేదు.
ఆవిడ కూర్చునే చోటు వదిలి కూర్చున్నాం, అంతే.

కంటికి రెప్పలా చూసుకోమంటారు అందరూ.
ఇక్కడ మొదట చేసేది
ఆ రెప్పని తీగతో తెరిచిపెట్టడం.
"బయట ఉండొచ్చు" అంది నర్సు, ఎప్పటిలాగే.
మూడుసార్లు బయటే ఉన్నాను.
ఈసారి కాళ్ళు పట్టుకున్నాను, రెండూ ఒక్క గుప్పిట్లో.
ఏం తన్నాడో!
మొదటి పరీక్షలో వాడి గొంతు తలుపు దాటి రాలేదు,
ఇవాళ పక్కగదిలో ఎవరో "అయ్యో" అనడం వినపడింది.
సిగ్గులేకుండా సంతోషించాను.

కుడికన్నులో నాళాలు అంచుదాకా వచ్చేశాయి,
ఎడమది ఇంకా దారిలో ఉంది, అన్నారు డాక్టర్ నూరిపా.
రెండు వారాలాగి మళ్ళీ రమ్మన్నారు.
దారిలో అంటే ఎక్కడ, అని అడగబోయి
దోలోన్ గుర్తొచ్చి ఊరుకున్నాను.

కాగితం మీద వయసుకి రెండు గడులు.
పుట్టిన లెక్కన, పన్నెండు వారాలు.
సరిచేసిన వయసు దగ్గర నర్సు వేళ్ళు ముడిచి లెక్కేసి
సున్నా రాసింది.
"ఇవాళ్టికి నెలలు నిండాయమ్మా వీడికి" అంది తలెత్తకుండానే.
నా కౌంటరులో త్రాసు సున్నా చూపిస్తే
పాడైందని కాదు,
ఇక తూచొచ్చని.
రెండువేల నాలుగొందల ముప్ఫై.
నేను రెండున్నర అనుకున్నాను.

బయట మార్చి ఎండ, మంచు మీద పడి మరీ తెల్లగా.
మందు చుక్కలకి విప్పారిన కళ్ళు
ఆ వెలుగు ఓర్చుకోలేక గింజుకున్నాయి.
సంచిలోంచి టోపీ తీసి పెట్టాను.
ముక్కుదాకా జారింది. ఏడుపాగింది.

"ఎవరీ పెద్దమనిషి?" అన్నాడు కుబాత్.
తుర్సున్, అన్నాను, ఉండనీ అని అర్థం వచ్చే పేరు.
ఇవాళే పుట్టాడు.
కాసేపు చూసి చెయ్యి చాపాడు,
"అయితే సగం టికెట్టు."

లెక్కపెట్టి ఇచ్చి, రసీదు కావాలన్నాను.
సిగరెట్టు పెట్టె చింపి,
మోకాలి మీద పెట్టుకుని రాశాడు:
తేదీ,
బిష్కెక్ నుంచి నారిన్,
ఒకరు.