ఒక్కపొద్దు తెర

న్యూకాజిల్‌లో, మేఫీల్డ్ వీధుల్లో
కిటికీలు కొలవడం నా పని.
టేపు తీయకముందే, తలుపు తెరవగానే
ఇంటి ఊపిరి తెలిసిపోతుంది నాకు:
మాడిన ఉల్లి, తడిసిన కుక్క,
కొత్తగా రంగేసిన పసిబిడ్డ గది.
ఎవరూ మాట్లాడుకోని ఇల్లయితే
ఒట్టి ఫినాయిలు.

ఈ మంగళవారం నోరీన్ గారిల్లు.
పట్టాలకు రెండు వీధులివతల.
బొగ్గుబండి పోతుంటే
అల్మారాలో పింగాణీ కప్పులు పళ్ళు కొరుకుతాయి.
పెట్టెలు లెక్కపెట్టడం ఆమె మానేసి
ఇరవయ్యేళ్ళయింది.
కప్పులింకా మానలేదు.

"గాలిని కడిగే తెరలట. నిజమేనా?"
పెట్టె మీద రాసిందే చదివి చెప్పాను:
నేతలో ఏదో ఖనిజపు పూత,
వెలుగు తగిలితే మేలుకుంటుంది,
వంటవాసన, వార్నిషువాసన, కంటికానని పాడుగాలి
కొంచెం కొంచెం కొరికి తింటుంది.
"కొంచెమంటే?"
కొంచెమంటే కొంచెమేనండీ.
అమ్మేవాణ్ణి కాదు నేను, తగిలించేవాణ్ణి.

ఆమె చూపుడువేలితో కిటికీ గట్టు మీద గీసి
నా ముక్కు ముందు పెట్టింది.
కాటుక పెట్టబోతున్న వేలులా ఉంది.
"మరి దీన్ని?"
దీన్ని తినదండీ. దీనికి తడిగుడ్డే.
నోరీన్ నవ్వింది. నవ్వు దగ్గులోకి జారింది,
దగ్గు ఆమెను కుర్చీలోకి జార్చింది.

నిచ్చెన రెండో మెట్టు మీద
మా నాయిన గుర్తొచ్చాడు.
నిజామాబాద్ కచేరీలో ఎండాకాలం మూణ్ణెల్ల కొలువు ఆయనది:
వట్టివేళ్ళ తడకలకు నీళ్ళు చల్లడం.
లోపల సార్లకు చల్లటి మట్టివాసన,
బయట ఆయన వీపు మీద మే నెల.
ఎంతటి వడగాలైనా ఆ తడకలోంచి దూరి
మర్యాద నేర్చుకునే లోపలికి పోయేది.
"గాలికి తానం చేయిస్తున్న" అనేవాడు.
రాత్రి దాకా ఆయన అరచేతుల్లో ఆ వాసన.
మా ఇంటి కిటికీకి మాత్రం గోనెసంచి.

డ్రిల్లు ఆగాక అసలు సంగతి చెప్పాను:
ఇది పగలు వేసి ఉంచాలి, ఎండ దీని మీద పడాలి,
రాత్రి తీసినా ఫర్వాలేదు.
నోరీన్ కళ్ళజోడు పైకి నెట్టింది.
"పట్టపగలు తెరలు మూస్తే
ఈ వీధంతా నేను పోయాననుకుంటుంది బాబూ.
కేకులు పట్టుకుని వచ్చేస్తారు."
క్షణమాలోచించి,
"రానీ. తిని చాలా రోజులైంది" అంది.

పొడవెక్కువైంది. అడుగున జానెడు కత్తిరించాను.
ఆ ముక్క మడిచి నా సంచిలో తనే పెట్టింది.
"మీ ఇంట్లో దగ్గేవాళ్ళున్నారా?"
ఉంది. ఏడేళ్ళది.

మాది అద్దె ఇల్లు. యజమాని తగిలించిన ప్లాస్టిక్ బ్లైండ్,
మూడు రేకులు విరిగినవి.
దాని వెనక, బట్టల క్లిప్పులు రెండు పెట్టి
ఆ జానెడు గుడ్డ వేలాడదీశాను.
ఇందుజ తలగడ కింద నీలం ఇన్‌హేలర్ సర్దుకుంటూ
చాలాసేపు దాన్నే చూసింది.
"రాత్రి ఏం తింటుంది ఇది?"
ఏమీ తినదు. పొద్దుంటేనే దాని తిండి.
"అయితే ఒక్కపొద్దా? అమ్మ శనివారంలాగ?"
ఆ, ఒక్కపొద్దే.
"పాపం" అని అటు తిరిగి పడుకుంది.

వీపు మీద చెయ్యేసి లెక్కపెట్టాను.
ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి,
మధ్యలో సన్నటి ఈల.
దూరంగా బండి ఒకటి ఓడరేవు వైపు పోతోంది,
ఎంతకీ అయిపోదు.
లేచి గట్టు తుడిచాను. గుడ్డ నల్లనైంది.
పిండి మళ్ళీ తుడిచాను.

జానెడు బట్ట. దాని సత్తువెంతో నాకు తెలుసు,
అంకెలు చదివినవాణ్ణి.
అయినా తెల్లవారుతుండగానే
చప్పుడు కాకుండా లేచి,
ఆకలిగొన్నవాళ్ళకు విస్తరి వేసినంత జాగ్రత్తగా
బ్లైండ్ పైకి లాగాను.