కట్టుడు, తొడుగుడు, అరుగుడు

శాయంపేట దిక్కు మిల్లుల
కొత్త మగ్గాలు బిగియ్యనీకి వచ్చిండు షెన్ పింగ్.
చాయ్ గంటల నేను ఆయనకు ఇంగ్లీషు పంతులమ్మను,
మిగిలిన పొద్దంత స్టోరు లెక్కలు రాసేదాన్ని.

ఇయ్యాల 'వేర్' కాడ బండి ఆగింది.

అంగీకి వేర్,
కండ్లద్దాలకు... వేరేనా? అన్నడు.
వేరే కాదు, అదే వేర్ అన్న.
నమ్మలే.
వాళ్ల తాన ఒంటిని దూర్చేటియన్ని చువాన్,
పైన పెట్టేటియన్ని దాయ్.
టోపీకి చువాన్ అంటే బడిపోరగాండ్లు సుత నవ్వుతరట.
నోట్‌బుక్కుల రెండు డబ్బాలు గీసిండు,
చెప్పులు ఇటు, గడియారం అటు.
గిన్ని సామాన్లకు ఒక్కటే మాటైతే
ఇంగ్లీషోళ్లు పొద్దుగాల ఎట్ల తయారైతరని
నిజంగనే పరేషానైండు.

రెండే కదా మీకు, అన్న.
మా అమ్మ చీర కట్టుకుంటది,
రవిక తొడుక్కుంటది, బొట్టు పెట్టుకుంటది,
గాజులేసుకుంటది,
మల్లెలు దొరికిన్నాడు ముడుసుకుంటది.
మా ఐలుమల్లు మామ రుమాలు చుట్టి
గొంగడి కప్పుకుంటడు.
గొంగడి ఏ డబ్బాల రాయాలె? అన్నడు.
వేళ్లమీద ఎంచుతున్నదాన్ని
లెక్క తప్పిన.

చువాన్‌కు ఇంకో పనున్నదట,
సూదిల దారం ఎక్కిచ్చుడు.
గది చెప్పంగనే కొత్తవాడల మా ఇల్లు యాదికొచ్చింది.
పన్నె పండ్ల నడుమ నుంచి పోగు తీస్తూ
ఒక కన్ను మూసే మా నాయిన.
అంటే మీ దిక్కు అంగీ తొడుక్కునుడంటే
మనిషే దారమై దూరుడా?
అంతే కదా, అని బిస్కెట్ ముంచుకున్నడు.

బేస్తారం మూడో నంబరు మగ్గం ఆగింది.
ఇప్పి చూసి రిపోర్టుల రాసుకున్నడు
'బేరింగ్ వేర్' అని, మాన్యువల్ల ఉన్నట్టే.
రాసి తలకాయ లేపిండు.
బేరింగును ఎవలు తొడుక్కున్నరు?

తొడుక్కునుడు కాదు, అరుగుడు.
ఏసుకునుడుకూ గదే, అరుగుడుకూ గదే మాట.
ఎందుకట్ల?
తెల్వదన్న. నిజంగనే తెల్వదు.

ఆ మాపు నాయిన రేషన్ దుకాణం నుంచి
ఒట్టి సంచితోని వచ్చిండు.
బొటనేలు నాలుగుసార్లు పెట్టిచ్చిండట,
మిషను ఈయనెవరో ఎరుగనన్నదట.
బల్బు కింద చూసిన.
గీతల్లేవు. జంపఖానా అంచోలె నున్నగ ఉన్నది.
నలభై ఏండ్లు ఆ వేలికి పోగే ఏసుకున్నడు.
పోగులు ఊరూరికీ పోయినయి.
అరిగింది వేలు.

తెల్లారి చాయ్ గంటల షెన్‌కు చెప్పిన.
తన బొటనేలు తిప్పితిప్పి చూసుకున్నడు,
గ్రీసు నిండిన గీతలు, ఇంకా మస్తుగున్నయి.
డబ్బాల కిందున్న ఖాళీ జాగల ఏదో రాసిండు,
వాళ్ల లిపి, నాకు రాదు.
ఏందని అడగలే.

వేర్, వోర్, వోర్న్,
ఆయన గట్టిగ వల్లె పెడుతుంటే
బీము మోసుకపోతున్న రాజకొంరు
తలుపు కాడ ఆగిండు,
'ఓర్' అంటే నన్నేనా అక్కా, పిలిచింది?