మూడు గుండ్ల కూలి

కళింగపట్నంలో కప్తాను కొర్లయ్య గెడ్డం
ప్రతి ఆదివారం నా కత్తి కిందికొచ్చేది.
అంతకుముందు మా నాన్న కత్తి కిందికి.
ఎడమ దవడ మీద అరంగుళం మేర
వెంట్రుక మొలవదు.
ఐరావతి మొగలో టేకు దుంగ పెట్టిన వేలిముద్ర అది.

మూడు ఓడలు పోయాయి ఆయన చేతిలో.
మొదటిది నువ్వుల ఓడ, బారువ దగ్గర తుపానులో.
వారం రోజులు ఒడ్డున కాకులకి పండగట.
రెండోది రంగం నుంచి దుంగలతో వస్తూ.
మూడోది నౌపడ ఉప్పు,
దీపస్తంభం కళ్ళెదుటే వెలుగుతుండగా
వంశధార మొగలో ఇసక తిప్పకి తగిలింది.
"దాని ఉప్పు అదే అడిగీసింది" అనేవాడు
సబ్బు నురగలోంచి మూతొక్కటే కదిలిస్తూ.

ఓడ పోయిందని కబురొచ్చినప్పుడల్లా
తమ్ముడు సింహాద్రికి గుండు గీసింది మా నాన్నే.
పదోనాటి కూడు కాకి ముట్టింది కూడా.
ఆ కాకి ఎవరి తరఫున వచ్చిందో మరి,
ఈయన నెలకో రెణ్ణెల్లకో
ఒకసారి నడిచి, ఒకసారి ఎవరిదో ఎడ్లబండిలో,
ఒకసారి చికాకోల్ రోడ్డులో రైలు దిగి
ఇంటికన్నా ముందు మా అరుగు దగ్గర ఆగేవాడు.
"నా చావుకెంత తీసుకున్నావురా?"
"రెండణాలు బావూ."
వెనక్కి అడుగుతాడని నాన్న భయం.
ఇంకో రెండణాలు పెట్టేవాడు.
"తమ్ముడి బుర్ర నున్నగా సేసినావు."

ఒకనాడు గొంతు మీద కత్తి ఆపి అడిగాను
ఎన్ని మైళ్ళు ఈదారని.
నవ్వితే తెగుతుందని నవ్వలేదు.
"నాకు ఈతేటొచ్చు?
ఈతొచ్చినోళ్ళు ఒడ్డు కనపడతందని ఎల్లిపోనారు.
పదకొండు మంది. మంచి ఈతగాళ్ళు.
నాను చెక్కనొగ్గలేదు. అంతే."
నా మణికట్టు పట్టుకుని పేర్లు చెప్పాడు.
తొమ్మిదో పేరు దగ్గర తడుముకుని
మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాడు.
నురగ ఎండిపోయింది.
ఇంకోసారి పూశాను.

చివరికి నులక మంచం మీదే పోయాడు,
పిల్లలకొచ్చే లాంటి జ్వరంతో.
నేను కత్తి నూరుకుని కూచున్నాను.
పొద్దు వాలినా ఎవరూ పిలవలేదు.
వెళ్ళి చూద్దును కదా,
డెబ్బై ఏళ్ళ సింహాద్రి
నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని
శవాన్ని కాదు, మొగని చూస్తున్నాడు.
"రేపటిదాకా సూద్దుం" అన్నాడు.