ఆవిరికాని ఉప్పు

మణలిలో రాత్రి డ్యూటీ.
రెండు గంటలకి కాలమ్ కొసన డెబ్బై ఎనిమిది డిగ్రీలు.
స్పిరిట్టూ నీళ్ళూ ఒకే ఊపిరిగా లేస్తున్నాయి.
కింద మరిగేదాంట్లో నీరు ఎంతో
పైకెగసే ఆవిరిలోనూ అంతే,
నూటికి నాలుగు పాళ్ళు, పైన చిటికెడు.
ఎంత మంట పెట్టినా ఆ నాలుగూ చెయ్యి వదలవు.

ఇంకో ఇరవై పళ్ళేలు వేయిద్దాం అన్నాడు పాత మేనేజరు.
వేయించాం.
కరెంటు బిల్లు పెరిగింది.
నీరు మాత్రం అడక్కుండానే వెంట వచ్చింది.

ఈ ఏడు గిండీ లాబ్ నుంచి ఒక పీపా దిగింది.
ఆముదం రంగు, ఆముదం నడక.
ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ చెప్పదు.
"ఇది ఉప్పు" అన్నాను.
ఆరోక్యం నమ్మలేదు.
వాళ్ళ నాన్న ఎణ్ణూరు ఉప్పుమళ్ళలో
మడమలు నెరెలు విచ్చేదాకా పార పట్టినవాడు.
"ఉప్పైతే గట్టిపడాల కదక్కా?"

తెల్లారితే నువ్వెక్కే షేర్ ఆటో లేదూ, అన్నాను.
చేపల గంపతో ఒక పెద్దామె,
ఆమె మోచేతి కింద బక్కపల్చటి బడిపిల్లాడు,
అడ్డంగా ఎవరిదో గొడుగు.
ఎవరూ ఎవరి పక్కనా సరిగ్గా ఇమడరు.
వరస కుదిరితేనే కదా గడ్డకట్టేది.
దీని లోపల ఎప్పటికీ వరస కుదరదు.

పైనుంచి సన్నధారగా వదిలాం.
అది స్పిరిట్టుని తరమలేదు.
నీళ్ళని పిలిచి కూర్చోబెట్టుకుంది, అంతే.
స్పిరిట్టు మొదటిసారి ఒంటరిగా మెట్లెక్కింది.
కాగితం మీద ఒకటే శిఖరం.
పక్కన ఉండాల్సిన చిన్న గుట్ట
లేదు.

తర్వాత వాక్యూమ్ పెట్టి నీళ్ళనీ సాగనంపాం.
ఉప్పు ఎక్కడికీ పోలేదు.
మళ్ళీ పైకి, మళ్ళీ కిందకి.
పదకొండో తిరుగుడికి రంగు కాస్త ముదిరింది.
అలసట అని రాయడానికి లాగ్‌బుక్కులో గడి లేదు.
"లేత గోధుమ" అని రాశాను.

పోయిన వారం బెజవాడ నుంచి వచ్చిన ఆడిటరు
లెక్కలన్నీ మెచ్చుకుని నా తెలుగుకి నవ్వాడు.
"కొంచెం అరవం వడగట్టాలి మేడమ్."

పాత వన్నారపేటలో మూడు తరాలు మరిగాం.
అన్నాన్ని సాదం అంటాం,
ఆకలిని మాత్రం ఆకలే అంటాం.
మా అవ్వ కోపం తెలుగులో మొదలై
మధ్యలో ఎక్కడో బస్సు మారేది.
ఆ నాలుగు పాళ్ళూ విడగొట్టే ఉప్పు
ఎక్కడో ఉండే ఉంటుంది.
ఆ పీపాకి మాత్రం నేను ఆర్డరు పెట్టను.

ఆరు గంటల సైరన్.
ఆరోక్యం హెల్మెట్ తీసి
పై పెదవి మీది చెమటని నాలుకతో అందుకుని
"ఇదుదా ఉప్పు" అన్నాడు.
ఆ ఆఖరి మాట
అతనిదీ నాదీ ఒకటే.