తరుగు

మిర్యాలగూడ బైపాసు మీద
మిల్లు కాంటా కాడ నా కుర్చీ.
నిండుబండి ఎక్కుడు, ఖాళీబండి ఎక్కుడు,
నడుమ తేడా రాసుడు.
పదహారేండ్లుగా ఇదే నా సదువు.

యాసంగి వడ్లు మొదలైన వారం
హమాలీ సైదులు ఫోను తెచ్చి ముంగట పెట్టిండు.
"పోకరట అన్నా, పేకాటకు పెద్దన్న.
లెక్క తెలిసినోనివి గద,
మంచిదో కాదో జెర జోకి చెప్పు."

జోకుడంటే నాకు చాతనైన పని.
ఐదొందలు ఏసిన.
ఏసుడెంతసేపు, చిటికె.
నా పేరు కూడ సక్కగ అడగలే.

వడ్ల రాశిల మోచేతి దాక చెయ్యి పెట్టి
అడుగు నుంచి పిడికెడు తీసి కొరికినట్టు
ఆరు రాత్రులు చూసిన.
పాత చిట్టీల ఎనుకపక్క రాసుకున్న.

మొదటి రాత్రి నూటనలభై గెలిచిన.
గెలిపిస్తున్నరేమో అన్న అనుమానం
మూడో రాత్రికి గాని రాలే.

బల్ల చుట్టు ఆరు పేర్లు.
ఒక్కడూ దగ్గడు, ఒక్కడూ బీడీ అడగడు.
తౌడు బస్తాల ఎనుక మేం ఆడేటప్పుడు
జహంగీరుకు ఆసు పడితే చెవులు ఎర్రగైతయి,
డ్రైవరు పుల్లయ్య అబద్ధమాడితే తువ్వాల సదురుకుంటడు.
ఈడ చెవులు లెవ్వు, తువ్వాల లేదు.
ఎవని మొకం సదవాలె?
అద్దంల నా మొకమే కనవడె, నల్లగ,
చార్జింగు పదమూడు.

ఈ రాష్ట్రంల ఆట లేదని
ఫోను ముందే చెప్పింది, పాపం.
సైదులు నవ్వి ఇంకో యాపు తెరిచిండు.
"ఇప్పుడు నేను గోవాల ఉన్నట్టు.
నా జన్మల సముద్రం చూడలేదన్నా,
నా ఫోను రోజూ చూస్తది."

మిగిలిన మున్నూట పది తీసుకుందామంటే
పాన్ కార్డు, ఆధారు, బ్యాంకు బుక్కు మొదటి పేజీ,
మొకం ఎడమకు తిప్పి ఒకటి, కుడికి తిప్పి ఒకటి.
ఆఖరికి, "పరిశీలనలో ఉన్నది, ఓపిక పట్టండి."
ఈ మాట ఏడనో ఇన్న.
కాదు, నేనే అన్న.
తేమ మిషను పదిహేడు దాటినప్పుడల్లా
టార్పాలిను మీద పండుకున్న రైతుతోని అన్న.

ఐదో రాత్రి తరుగు పట్టుకున్న.
ఎవడు గెలిచినా
నూటికి ఐదు ఆట పెట్టినోనికి.
ఆరుగురం తెల్లందాక
ఒకని పైసలు ఒకడు గుంజుకుంటే
పొద్దుగాలకు అందరి జేబులు సన్నబడతయి,
బల్ల ఒక్కటే బలుస్తది.
దొంగలు, అని రాయబోయిన.
కలం ఆగింది.

ఆ ఐదు వాళ్లు రాసిపెట్టిండ్రు.
అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాలల్ల,
అయినా రాసిండ్రు.
మా కాంటా కాడ
క్వింటాలుకు మూడు కిలోలు,
తాలు పేర, తేమ పేర, సుతిలి పేర,
ఏడ రాసినం?
పదహారేండ్ల చిట్టీలు తిరగేసినా దొరకదు.
రాయని చెయ్యి నాదే.

ఆరోనాడు చాయ్ కాడ అడిగిండు,
"ఎట్లుందన్నా?"
నీది ఎంత పోయింది, అన్న.
బస్తాలు మోసిన మెడ రుద్దుకుంట
అటు దిక్కు చూసుకుంట చెప్పిండు,
పదకొండు వేలు.
బస్తాకు ఐదు రూపాయల లెక్కన
రెండు వేల రెండొందల బస్తాలు.
లోపల్నే లెక్కేసిన, బయటికి అనలే.

"తూకం తెలిసినోళ్లే పెట్టిండ్రు సైదులు,
మన మిల్లు లెక్కనే ఉన్నది."
మంచిదన్ననో, కాదన్ననో
వానికి అర్థం కాలే.
గ్లాసు కింద పెట్టి
ఫోను తువ్వాలల చుట్టుకొని పోయిండు.

వడ్లు దింపిన ట్రాక్టరు
ఖాళీ తూకానికి వచ్చి హారను కొట్టింది.
ఇంక ఎక్కలే. కాంటా మీద ఏం లేదు.
అంకె మాత్రం ఇరవై చూపిస్తున్నది.
సున్నా బటను
నా వేలి కిందనే ఉన్నది.