పదకొండు చుట్లు

జనరల్ ఒత్రెమోన్ గడియారానికి
కీ ఇవ్వడం నా కొలువు.
పొద్దున్నే కాఫీకి ముందు, పదకొండు చుట్లు.
పన్నెండోది తిప్పితే స్ప్రింగు తెగుతుందన్నాడు.
ఆ యుద్ధం మొత్తంలో
ఆయనిచ్చిన పనికొచ్చే ఆజ్ఞ అదొక్కటే.

పారిస్ పడిపోయిన కబురు మాకు చలికాలంలో చేరింది.
వాళ్ళకది ఎండాకాలమట.
గోడమీద పటం మార్చాడు, మేకు మార్చలేదు.
తర్వాత రెండేళ్ళూ బియ్యం లెక్కలు, రబ్బరు లెక్కలు.
సబ్బు దొరక్క ఆయన తెల్ల చేతితొడుగులు
బూడిదనీళ్ళలో ఉతికేవాణ్ణి.

ఉత్తరాన ఇంగ్లీషువాళ్ళు ఓడలు దిగారు.
ఆయన దక్షిణానికి జరిగాడు.
జరగడమనే అనాలి, వేరే మాట వాడకూడదు.
అంబోసిట్ర, ఫియనరంత్సువ, అంబలవావు:
ఊరు దాటిన ప్రతిసారీ వెనక దారికి అడ్డంగా
యూకలిప్టస్‌లు కూల్చాం,
మా నాన్నల చేత ఊరికే నాటించినవే.
చెట్లయిపోయాక రాళ్ళు.

చివరి రోజు మనుషులు చాలక నన్నూ లాక్కెళ్ళారు.
సాయంత్రం బండ జారి
రైనిఫిరింగ దాని కింద ఉండిపోయాడు.
శత్రువింకా రెండు నదుల అవతలే.

రాత్రి మేజా మీద రెండు కాగితాలు.
ఒకటి లొంగుబాటు.
రెండోది కెతాక తెచ్చింది,
మొగుడి శవాన్ని ఊరికి చేర్చడానికి
ఎడ్లబండి అనుమతి.
బళ్ళన్నీ సైన్యానివే కదా.

అర్ధరాత్రి దాటితే ఆరు నెలలు నిండుతాయి,
నిండితే పతకం, పతకానికి తగ్గ పింఛను.
అందాకా దేనిమీదా సంతకం పెట్టనన్నాడు.
సమాధి తెరవడానికి మా పెద్దలు మంచిరోజు చూస్తారు.
లొంగిపోవడానికి ముహూర్తం చూసినవాణ్ణి
ఆయన్నే చూశాను.

కలం పట్టుకుని గడియారం వైపే చూపు.
పదకొండూ యాభైరెండు.
చాలాసేపటికీ పదకొండూ యాభైరెండే.

ఆ పొద్దున నేను రాళ్ళ దగ్గరున్నాను.
కీ ఎవరిస్తారు?

ఆ సంగతి నాకు తెలిసీ నోరు మెదపలేదు,
ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను.
తలుపవతల మెట్లమీద
కెతాక కూర్చునుందని గుర్తొచ్చేసరికి
కోడి కూసింది.

తర్వాత ఇంగ్లీషు దొర వచ్చి రాళ్ళు తీసెయ్యమన్నాడు.
తీశాం. పెట్టినందుకూ కూలి లేదు, తీసినందుకూ లేదు.
ఒక్క రాయి మాత్రం
రైనిఫిరింగ పేరున మలుపులో నిలబెట్టాం.

రోడ్డు వెడల్పు చేసినవాళ్ళు
దాన్ని కిలోమీటరు రాయనుకున్నారు.
సున్నం కొట్టి, నల్లరంగుతో
నలభైమూడు అని రాసి పోయారు.